కాకిని కూడా రాసుకునేవాళ్లు

పక్షులను చూసే సంఘం ఒకటి ఎంత శ్రద్ధగా పనిచేస్తోందో తెలియాలంటే వాళ్ల ఫొటోలు చూడనక్కర్లేదు. ఒక ఉదయం వాళ్లు రాసుకున్న జాబితా తీసుకుని అందులో కాకి ఉందా అని వెతకాలి. ఉంటే ఎన్ని కాకులని రాశారో చూడాలి. ‘చాలా’ అని ఉంటే సరదాగా తిరిగి వచ్చినట్టు. ‘23’ అని ఉంటే పని చేసి వచ్చినట్టు.

హైదరాబాద్‌లో ఇలా పని చేసి వచ్చేవాళ్లు నాలుగు దశాబ్దాలకు పైగా ఉన్నారు. 1980లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ పేరుతో మొదలైన సంఘం ఇప్పుడు డెక్కన్ బర్డర్స్‌గా నడుస్తోంది. వాళ్ల పత్రిక పేరు ‘పిట్ట’. వాళ్ల కంటే ముందు ఈ నేల మీద పద్ధతి ప్రకారం పక్షుల సర్వే చేసింది పక్షి శాస్త్రవేత్త సలీం అలీ. 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి ఆయన రాసినది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో 1933 నుంచి భాగాలుగా వచ్చింది. 1989లో సిరాజ్ తాహెర్, ఆశీష్ పిట్టి కలిసి ఉమ్మడి రాష్ట్రపు పక్షుల జాబితా వెలువరించారు. సలీం అలీ కాలంలో పక్షి ఏదో తేల్చుకోవాలంటే తుపాకితో కొట్టి చేతిలోకి తీసుకునేవారు. ఇప్పుడు దూరం నుంచి అద్దాల్లో చూసే తేల్చుకోవాలి. కాబట్టి తుపాకి చేసిన పనంతా ఇప్పుడు చూపు చేయాలి, జ్ఞాపకం చేయాలి, నిజాయితీ చేయాలి. వాళ్ల బర్డ్ వాక్‌లలో నాకు ఎక్కువ నచ్చేది ఈ పనితనమే. పక్షుల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. చూసేవాళ్ల చేతిపని గురించి రాసేవాళ్లు తక్కువ.

ఆ పని నడక రోజు కంటే ముందే మొదలవుతుంది. నడిపించేవారు రెండు మూడు రోజుల ముందు ఒక్కరే వెళ్లి ఆ చోటు చూసి వస్తారు. చెరువులో నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయి, అలుగు పారుతోందా, శిఖం భూమిలో బురద తేలిందా, గట్టు మీద ముళ్లకంప కొట్టారా, పెద్దవాళ్లు దిగగలిగే దారి ఏది అని. అన్నిటికంటే ముఖ్యం ఎండ ఎటు పడుతుందన్నది. ఉదయం నడక అయితే చెరువుకు తూర్పు వైపు నిలబడాలి. అప్పుడు వెలుగు మన వీపు వెనక నుంచి వెళ్లి పక్షి మీద పడుతుంది, దాని రంగు తెలుస్తుంది. అవతలి గట్టున నిలబడితే అన్నీ నల్లటి నీడలే. కొత్తగా వచ్చినవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. వాళ్లు అదృష్టం కొద్దీ పక్షులు బాగా కనిపించాయనుకుని ఇంటికి వెళ్తారు. ఆ అదృష్టం వెనక ఒకరి ముందుచూపు ఉందని తెలియడానికి కొన్ని వాక్‌లు పడుతుంది.

పాతిక మంది వస్తే గుంపును రెండు మూడుగా విడదీస్తారు. ఆకుపచ్చ, మట్టిరంగు బట్టలు వేసుకు రమ్మని ముందే కబురు వెళ్తుంది. నడక అని పేరే గానీ నిలబడేదే ఎక్కువ. గంటలో కిలోమీటరు దాటితే తొందరపడ్డట్టు లెక్క. స్కోప్‌ను ట్రైపాడ్ మీద బిగించేటప్పుడు గుంపులో అందరికంటే పొట్టిగా ఉన్న పిల్ల కంటికి సరిపడేలా దించుతారు. పొడుగువాళ్లు వంగి చూడొచ్చు, పిల్లలు సాగలేరు కదా. ఆ ఒక్క సర్దుబాటుతో పిల్లలు మళ్లీ వస్తారు.

ఇక చూపించడం. చెట్టు మీద పిట్ట ఎక్కడుందో పాతిక మందికి చెప్పడం ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నించినవాళ్లకే తెలుస్తుంది. కొత్తవాళ్లు వేలు చూపిస్తారు.

“అదిగో సార్, అక్కడ!”

“అక్కడ అంటే ఎవరికీ కనపడదమ్మా. ముందు అందరికీ కనపడేదేదో చెప్పు.”

“హైటెన్షన్ టవర్.”

“దానికి ఎటు?”

“కుడి పక్కన ఎండిన తుమ్మ. ఎడమ కొమ్మ... చీలిక దగ్గర.”

అందరి బైనాక్యులర్లు ఆ చీలిక మీదికి చేరతాయి. టవర్, చెట్టు, కొమ్మ, చీలిక. పెద్దదాని నుంచి చిన్నదానికి, కదలనిదాని నుంచి కదిలేదానికి. ఇందులో చాలాకాలం కలిసి నడిచిన గుంపుకు ఒక భాష ఏర్పడుతుంది. ‘మూడు గంటలు’ అంటే చెట్టును గడియారం ముఖం అనుకుని కుడివైపు మధ్యన వెతుకుతారు. పిట్ట లేచిపోయినా ఎటు పోయిందో చెబుతారే గానీ ‘అయ్యో’ అనరు. ఆ మాటతో ఎవరికీ పని జరగదు.

పక్షులు చూసేవాళ్ల ఏడాది ఉగాదికి మొదలవదు, దసరాకి మొదలవుతుంది. వానలు తగ్గుతాయి, చెరువులు నిండి ఉంటాయి, ఉత్తరం నుంచి వలస పక్షులు దిగుతుంటాయి. ఊళ్లలో జనం ఆ రోజు పాలపిట్టను చూడాలని చేల వెంట వెళ్తారు. పట్టి పంజరంలో పెట్టి తెచ్చి చూపించి డబ్బులడిగేవాళ్లూ ఉంటారు. ఆ పిట్టల రెక్కలకూ కాళ్లకూ జరిగే హాని ఘోరమైనది. తీగ మీద స్వేచ్ఛగా కూచున్న పాలపిట్ట దగ్గరికి నలుగురిని తీసుకెళ్లి, అది లేచినప్పుడు విప్పుకునే నీలిని చూపించడమే దానికి సరైన జవాబు. కూచున్నప్పుడు అది గోధుమరంగు పిట్ట, ఎగిరితే ఇంకో పక్షి. చూసినవాళ్లు పంజరం దగ్గర మళ్లీ ఆగరు.

కార్తీకం నుంచి మాఘం దాకా చెరువులదే రాజ్యం. సంగారెడ్డి వైపు మంజీరా, నగరం అంచున ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, ఇంకాస్త దగ్గర్లో అమీన్‌పూర్. అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు వచ్చింది. దేశంలో ఒక నగర చెరువుకు ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి. ఇలాంటి చోట్ల జనవరిలో నీటిపక్షుల గణన జరుగుతుంది. 1987 నుంచి మన ఉపఖండమంతా ఏటా జరుగుతున్న ఆసియా నీటిపక్షుల గణనలో అది భాగం.

గణన రోజు గుంపు పనితనం ఒక మెట్టు పైకి వెళ్తుంది. నీటి మీద సూదితోక బాతులు, చిలువ బాతులు, బొల్లికోళ్లు కలిసి ఉంటాయి, ఒకటి ఈదుతుంది, ఒకటి నిద్రపోతుంది, ఒకటి మునుగుతుంది. ఒక్కొక్కటీ లెక్కపెడితే సగంలోనే చెదిరిపోతాయి. అందుకని మొదట పది బాతులను కచ్చితంగా ఎంచి, ఆ పది ఎంత మేర పరుచుకున్నాయో కంటితో పట్టుకుంటారు. ఆ మేరను మేస్త్రీ జానతో గోడ కొలిచినట్టు గుంపు చివరిదాకా జరుపుకుంటూ పోతారు. దూరంలో గుంపు చిక్కబడ్డచోట మళ్లీ కొత్త పది ఎంచి కొలత మార్చుకుంటారు. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి, పూర్తయ్యేదాకా ఒకరి అంకె ఒకరికి చెప్పుకోరు. అంకెలు దగ్గరగా వస్తే సరే. 340కి 500కి తేడా వస్తే మొహమాటంతో మధ్య అంకె రాయరు, మళ్లీ లెక్కపెడతారు. మునిగే పక్షులకు లెక్క వేరు. ఒక్క చూపులో కొన్ని నీళ్ల కింద ఉంటాయి కాబట్టి కొద్దిసేపటి తేడాతో కొన్నిసార్లు ఎంచి, అన్నిటికంటే పెద్ద అంకె తీసుకుంటారు. తల వెనక రెండు నల్ల పట్టెలున్న బార్‌హెడెడ్ గూస్‌లు దిగిన ఉదయమైతే గుంపులో ఒక కదలిక వస్తుంది. హిమాలయాలు దాటి వచ్చిన పక్షులవి. అయినా ముందు అంకె, తర్వాతే ఆనందం.

బురదలో నడిచే చిన్న ఉల్లంకుల దగ్గర నేర్పేవారి ఓపిక తెలుస్తుంది. గోధుమరంగు, పొడుగు ముక్కు, తోక ఆడించడం... మొదటిసారి చూసేవాళ్లకు అన్నీ ఒకటే. మంచి నాయకుడు పేరు వెంటనే చెప్పడు. “కంటి మీద తెల్ల గీత ఉందా? కన్ను దాటి వెనక్కి పోయిందా, అక్కడే ఆగిందా?” “వీపు మీద మచ్చలు స్పష్టంగా ఉన్నాయా?” “లేచినప్పుడు రెక్క అడుగున నలుపా, లేత రంగా?” అని అడుగుతాడు. కనుబొమలాంటి గీత కన్ను దాటి పోయి, వీపు నిండా మచ్చలుండి, రెక్క అడుగు లేతగా ఉంటే అది వుడ్ శాండ్‌పైపర్. రెక్క అడుగు నల్లగా, తోక మొదలు తెల్లగా మెరిస్తే గ్రీన్ శాండ్‌పైపర్. భుజం దగ్గర తెల్ల చీలిక పైకి పొడుచుకొచ్చి, అస్తమానం నడుము ఆడిస్తుంటే కామన్ శాండ్‌పైపర్. పేరు చివర్న వస్తుంది. ముందే వస్తే చూడటం ఆగిపోతుందని వాళ్లకు తెలుసు. పక్షుల పుస్తకం తెరిచే ముందు చూసింది నోట్‌బుక్‌లో రాయాలన్న నియమం కూడా అందుకే. బొమ్మ చూశాక కన్ను ఆ బొమ్మలో ఉన్నదాన్ని పిట్ట మీద కూడా చూసేస్తుంది.

ఒక్కోసారి పేరు రాకుండానే పిట్ట వెళ్లిపోతుంది. అప్పుడు జాబితాలో ‘ఉల్లంకి జాతి, తేలలేదు’ అన్నట్టు ఒక వరుస రాస్తారు. అరుదైన పిట్ట పేరు రాయాలన్న ఆశ ఎంత బలమైనదో గుంపులో ఉంటే తెలుస్తుంది. ఆ ఆశను పక్కన పెట్టి తేలలేదని రాయడం నేను ఈ వాక్‌లలో చూసిన అతి అందమైన పని.

మాఘం చివర్లో మోదుగ పూస్తుంది. ఆకు రాల్చిన అడవిలో ఆ ఎర్రటి చెట్టు దగ్గర గంటసేపు నిలబడితే చాలు. తేనెపిట్టలు, పికిలిపిట్టలు, గోరింకలు, గుంపులు గుంపులుగా గులాబీ గోరింకలు. మధ్య ఆసియా నుంచి వచ్చి చలికాలమంతా జొన్నచేల మీద తిరిగిన గులాబీ గోరింకలు తిరుగు ప్రయాణానికి ముందు ఈ పూల మీద పడతాయి. ఫిబ్రవరిలోనే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ వస్తుంది. నాలుగు రోజులు, ఎక్కడున్నవాళ్లు అక్కడ, కనీసం పదిహేను నిమిషాలు చూసి కనిపించినవన్నీ రాయాలి. 2013 నుంచి మన దేశంలోనూ జరుగుతోంది. సంఘంవాళ్లు అప్పుడు కాలేజీలకు, అపార్ట్‌మెంట్లకు వెళ్లి జనాన్ని కూడగడతారు.

ఎండలు ముదిరాక వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలు. అక్కడ కంటి పని తగ్గి చెవి పని పెరుగుతుంది. కోకిల అందరికీ తెలుసు. గొంతు పెంచుకుంటూ పెంచుకుంటూ పోయి ఠక్కున ఆపేసి మళ్లీ మొదలుపెట్టే హాక్ కకూ ఎక్కడో ఉంటుంది, కనపడదు. చెవితో పట్టిన పిట్టను జాబితాలో వేయొచ్చు, అయితే విన్నామనే రాయాలి. బాగా వినేవాళ్లు గుంపులో ఒకరిద్దరే ఉంటారు. వాళ్లు చేయి ఎత్తితే అందరూ ఆగుతారు. చెప్పుల చప్పుడు సద్దుమణిగాక రెండోసారి అరుపు వస్తుంది, అప్పుడు మిగతావాళ్లకూ వినిపిస్తుంది. ఫోన్‌లో ఆ పిట్ట గొంతు వినిపించి దగ్గరికి రప్పించడం తేలిక. మంచి గుంపులు ఆ పని చేయవు. గూడు కట్టే రోజుల్లో శత్రువు వచ్చాడనుకుని పిట్ట పని వదిలి వస్తుంది. మన ఫొటో కోసం దాని ఉదయం పాడవుతుంది.

గులకరాళ్ల నేల మీద తీతువు గుడ్లు పెట్టే రోజులూ ఇవే. గూడంటూ ఏమీ ఉండదు, రాళ్ల మధ్య రాళ్లలా నాలుగు గుడ్లు. తల్లి లేచి అరుస్తుంటే గుంపు ఒక వరుసలోకి వచ్చి, వచ్చిన దారినే వెనక్కి నడుస్తుంది. తల్లి ఎంతసేపు గాల్లో అరిస్తే గుడ్లు అంతసేపు ఎండలో మాడతాయి. గూటి ఫొటో ఎవరూ తీయరు. ఎక్కడుందో బయట చెప్పరు. నాయకుడు దీని మీద ఉపన్యాసం ఇవ్వగా నేను వినలేదు. ఆయన వెనక్కి తిరుగుతాడు, అందరూ తిరుగుతారు.

తొలకరికి చాతకం వస్తుంది. ఆ వెంటనే గిజిగాళ్ల పని మొదలవుతుంది. ఈ కాలంలో వాక్‌కు వచ్చేవాళ్లు తక్కువ, బురద, ముసురు. నా లెక్కలో ఏడాది మొత్తంలో చూడవలసిన వాక్ ఇదే. పాత దిగుడుబావి మీదికి వంగిన తుమ్మకో ఈతచెట్టుకో వేలాడే గూళ్ల ఎదుట, దూరంగా స్కోప్ పెట్టి, కదలకుండా కూచోవడమే కార్యక్రమం. నెత్తి పసుపు తిరిగిన మగపిట్ట వరి ఆకు అంచున ముక్కుతో గాటు పెట్టి, ఆకు కొస వైపు ఎగురుతూ పొడుగాటి పోగు చీల్చుకు వస్తుంది. ఒక కొమ్మ కొసకు ముడివేస్తుంది, ఆ ముడి మీద చుట్టు, చుట్టు మీద వలయం. వలయం నుంచి టోపీలాంటి గోపురం దిగుతుంది. అక్కడ ఆపి రెక్కలు కొట్టి ఆడపిట్టలను పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి లోపల కూచుని, ముక్కుతో పోగులు లాగి చూస్తుంది. నచ్చితేనే గుడ్ల గది, కిందికి దిగే గొట్టం పూర్తవుతాయి. నచ్చని గూడు సగంలో ఆగిపోయి గాలికి ఊగుతుంటుంది. గోపురం లోపల తడిమట్టి ముద్దలు అంటిస్తుంది మగపిట్ట. గూళ్లు ఎక్కువగా చెట్టుకు తూర్పు వైపు ఉంటాయి, నైరుతి గాలివాన దెబ్బ నేరుగా తగలకుండా. సలీం అలీ తన హైదరాబాద్ సర్వే మొదలైన కాలంలోనే, 1931లో, కిహీం అనే తీరగ్రామంలో చూసిన గిజిగాళ్ల గూటి అలవాట్ల మీద వ్యాసం ప్రచురించారు. ఒకే మగపిట్ట ఒక గూడు ఒప్పించి, దాన్ని ముగించి, ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపిట్టను పిలుస్తుందని అందులో వివరించారు. రోజుల తరబడి ఒక్కచోట కూచుని రాసుకుంటే తప్ప ఆ సంగతి దొరకదు. సంఘంలో ఒకరు గూళ్లకు అంకెలు వేసి, వారం వారం ఏది వలయం, ఏది గోపురం, ఏది గొట్టం అని పట్టిక రాస్తుంటే ఆ వ్యాసమే గుర్తొస్తుంది. కట్టేవాడి నైపుణ్యాన్ని చూడటానికి చూసేవాడికీ కొంత నైపుణ్యం కావాలి మరి.

వాక్‌లో గొర్రెలకాపరో చేపలవాళ్లో ఎదురైతే నాయకుడు తప్పకుండా ఆగుతాడు. మర్యాదకు పలకరించడం అందులో కొంతే. ఏ చెరువులో నీళ్లు తగ్గాయి, ఎక్కడ కౌజులు లేచాయి అన్నది వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కలివికోడి కథ పక్షులు చూసే ప్రతి తెలుగువాడికీ తెలిసే ఉంటుంది. 1900 తర్వాత ఎవరికీ కనపడక, ఇక లేదనుకున్న పక్షి 1986 జనవరిలో కడప జిల్లాలో బయటపడింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతుంటే, రాత్రిపూట దాన్ని పట్టి తెచ్చింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు అడవి అంచున మనిషి కనిపిస్తే బైనాక్యులర్ దించి మాట్లాడతారు.

తొమ్మిదిన్నర, పది గంటలకు ఎండ ముదిరితే చెట్టు నీడన చేరి టిఫిన్ పొట్లాలు విప్పుతారు. అప్పుడు జాబితా చదవడం. రాసినవారు ఒక్కో పేరు పైకి చదువుతారు, చూసినవారు అంకె చెబుతారు. “పసుల పోలిగాడు?” “ఆరు.” “ఇటు గుంపులో ఎనిమిది.” “తీగ మీద మూడు ఇద్దరమూ చూసినవే కదా?” కాసేపు గుర్తు చేసుకుంటారు. రెండుసార్లు పడ్డవి తీసేస్తారు. ఒకరే చూసిన అరుదైన పిట్ట పేరు వస్తే ఏం చూశారో చెప్పమంటారు. ఇందులో అవమానం ఏమీ లేదు. ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నవారినీ, నిన్న చేరిన విద్యార్థినీ అదే ప్రశ్న అడుగుతారు. మొదలైన సమయం, ముగిసిన సమయం, నడిచిన దూరం, చూసినవాళ్ల సంఖ్య రాసి ఆ మధ్యాహ్నానికే పక్షుల జాబితాలు చేర్చే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కిస్తారు. చూసినవన్నీ రాశామా, ఏమైనా వదిలేశామా అని అది అడుగుతుంది. కాకినీ పావురాన్నీ వదిలేస్తే అన్నీ రాశామని చెప్పడానికి లేదు.

ఏమీ లేకపోవడం కూడా రాయాలి. ఒకప్పుడు భరత పక్షులు గాల్లోకి లేచి పాడుతూ దిగిన గడ్డి నేల ఒకటి వెంచర్ అయింది, ప్లాట్ల రాళ్లు పాతారు, మట్టి రోడ్డు పడింది. ఇక అక్కడికి వెళ్లడం దండగ అనిపిస్తుంది. సంఘంవాళ్లు ఏటా అదే నెలలో వెళ్లి అంతే దూరం నడిచి, రెండు పావురాలు, ఒక కాకి అని రాసి వస్తారు. ఆ నడకకు ఎవరూ కెమెరా తేరు. ఆ జాబితా లేకపోతే అక్కడ ఏం పోయిందో చెప్పడానికి ఆధారమే ఉండదు.

ఇలాంటి జాబితాలన్నీ దేశం నలుమూలల నుంచి కలిపితే ఏమవుతుందో 2023లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక చూపించింది. ముప్ఫై వేల మందికి పైగా పక్షి వీక్షకులు రాసిన లెక్కల ఆధారంగా 942 జాతుల పరిస్థితి అంచనా వేశారు. అందులో 178 జాతుల మీద వెంటనే శ్రద్ధ పెట్టాలన్నారు. నెమళ్లు బాగా పెరిగాయి. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట మాత్రం గట్టిగా తగ్గిన జాతుల్లో ఉంది. ఊరి తీగల మీద అందరూ చూసే పిట్ట తగ్గుతోందని ఎవరికి తెలుస్తుంది? చూసిన ప్రతిసారీ, అది కొత్తేమీ కాకపోయినా, ఎన్ని ఉన్నాయో రాసినవాళ్లకే తెలుస్తుంది.

వెళ్లాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. వెంటనే బైనాక్యులర్ కొనకండి. మొదటి రెండు మూడు వాక్‌లు సంఘంవాళ్ల స్కోప్‌తో సరిపోతుంది, పక్కవాళ్లు తమ బైనాక్యులర్ ఇస్తారు. తర్వాత కొంటే 8x42 మంచిది. పదింతలు పెంచేవి చేతిలో ఎక్కువ ఊగుతాయి. కళ్లజోడు ఉన్నవాళ్లు కొనేముందు కళ్లజోడుతోనే చూసి కొనాలి. గుంపుకు ఎదురుగా నడవకండి, నాయకుణ్ని దాటి ముందుకు పోకండి. చిన్న నోట్‌బుక్, పెన్సిల్ తప్పనిసరి, ముసురులో పెన్ను ఆగిపోతుంది. ఏ నెలలో మొదలుపెట్టాలని అడిగితే డిసెంబర్ అని చెబుతాను. అప్పుడు చెరువుల మీద పక్షులు పెద్దవి, చాటు లేకుండా ఉంటాయి, కదలకుండా చాలాసేపు కూచుంటాయి, నేర్చుకునేవాళ్లకు తీరిక ఇస్తాయి. ఆ చలికాలం నిలబడ్డవాళ్లు జూలై ముసురులో గిజిగాళ్ల దగ్గరికి గొడుగు లేకుండా, రెయిన్‌కోటు వేసుకుని రావాలి. గొడుగు తెరుచుకుంటే పిట్టలు బెదురుతాయి.